ఉప్పునేలలో పెరిగే వంగరెడ్డి కూర: ఆకుతో పాటు నేలనీ చూడండి

ఆర్కిటిక్ బీచుల్లో ఇసుకలో పెరిగే దళసరి ఆకుల్ని అక్కడివాళ్ళు కోసుకుని తినే వీడియోలు మీరు చూసే ఉంటారు. అలాంటి మొక్క మన దగ్గరా ఉంది. విజయవాడ నుంచి బందరు సుమారు 70 కిలోమీటర్లు. అది దాటి తీరానికి వెళ్తే ఉప్పునేలల్లో పాకుతూ కనిపిస్తుంది. పేరు వంగరెడ్డి కూర, శాస్త్రీయ నామం సెసూవియం పోర్చులకాస్ట్రమ్.

ఎలా గుర్తుపట్టాలి? నాలుగు చెక్ చేయండి.

1. కాడ నేలమీద పాకుతుంది, చాలాసార్లు ఎర్రగా ఉంటుంది, కణుపుల దగ్గర వేళ్ళు దిగుతాయి.
2. ఆకులు దళసరిగా, నున్నగా, ఎదురెదురుగా జతలుగా ఉంటాయి.
3. పువ్వు గులాబీ రంగులో అయిదు కొనల నక్షత్రంలా, ఆకు మొదట్లో ఒక్కొక్కటిగా పూస్తుంది. గంగపాయల కూర పువ్వైతే పసుపు.
4. ఆకు తుంచితే నీళ్ళలాంటి రసం వస్తుంది. పాలు కారితే అది వేరే మొక్క, వదిలేయండి.

కోడింగ్ భాషలో ఇవి 'అండ్' కండిషన్లు, 'ఆర్' కాదు. నాలుగూ కలవాలి. ఫోన్‌లో ఫోటో తీస్తే యాప్ ఒక పేరు చెబుతుంది, కానీ అది అంచనా మాత్రమే. మొదటిసారైతే ఈ కూర తెలిసిన ఊరివాళ్ళకి చూపించండి.

అసలు పాయింట్ ఇప్పుడు వస్తుంది. మొక్క కరెక్టే అయినా, చోటు తప్పైతే తినకూడదు. ఈ మొక్క నేలలోంచి ఉప్పుతో పాటు కాడ్మియం లాంటి లోహాల్నీ లాగేస్తుంది. అందుకే కలుషితమైన నేలల్ని శుభ్రం చేయడానికి దీని మీద పరిశోధనలు కూడా జరిగాయి. నేలకి మంచిదే, మన కంచానికి కాదు. డెల్టాలో రొయ్యల చెరువుల నీళ్ళు, మురుగు డ్రెయిన్లు సముద్రం వైపే పోతాయి కదా. ఆ కాలవ గట్ల మీదది ఎంత లేతగా కనిపించినా ముట్టుకోవద్దు. లోహం కడిగితే పోదు, ఉడికించినా పోదు. కృష్ణా అభయారణ్యం లోపల అయితే అసలు కోయకూడదు.

శుభ్రమైన చోట దొరికితే లేత కొనలే తుంచండి, వేళ్ళతో పీకొద్దు. ఇసుకని పట్టి ఉంచేది అవే. బాగా కడిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోయండి. తర్వాత పప్పులో వేసి, రుచి చూశాకే ఉప్పు కలపండి. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్ళు దూరంగా ఉండటమే మంచిది.