పూనకం లేని పూనకపు పాట

"ట్రాన్స్" అనే ఇంగ్లీషు మాటకు నిఘంటువు తిరగేస్తే సమాధి, మైమరపు, పూనకం అని అర్థాలు కనిపిస్తాయి. మొదటి రెండింటినీ వదిలి మూడోదాన్నే పట్టుకోవడం నేను చేసిన పొరపాటు. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. మాటకు వున్న అర్థాల్లో సందర్భానికి తగినదాన్ని ఎంచుకోవాలని ఏటేటా పిల్లలకు చెబుతూనే వుంటాను. ఇంట్లో మాత్రం ఆ సూత్రం మరిచిపోయాను.

మా అమ్మాయి హైదరాబాదులో వుద్యోగం చేస్తున్నది. మొన్న సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు, రాత్రి పదకొండు దాటినా చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోను తియ్యలేదు. "ఏం వింటున్నావమ్మా?" అంటే, "ట్రాన్స్ మ్యూజిక్ నాన్నా" అన్నది. అంతకు వారం కిందటే పేపర్లో రాత్రి విందులు, మత్తుమందులు, పోలీసుల దాడులు అని చదివి వున్నాను. నోరు వూరుకోలేదు. "నువ్వు కూడా అలాంటి చోట్లకు వెడుతున్నావా ఏమిటి?" అన్నాను. పిల్ల ముఖం చిన్నబోయింది. పండగనాడంతా నాతో మాట్లాడలేదు. కనుమనాడు మా ఆవిడ మందలించింది: "వినకుండానే తీర్పు చెప్పేశారు. ఒక్కసారి పక్కన కూర్చుని వినకూడదూ?"

సరే, విన్నాను. విన్నదీ, ఆ తర్వాత చదివి తెలుసుకున్నదీ నాలాంటి తలిదండ్రులకు పనికి వస్తుందేమోనని ఇక్కడ రాస్తున్నాను.

ఈ సంగీతానికి పుట్టినిల్లు జర్మనీ. 1990 దశకం మొదటి సంవత్సరాల్లో ఫ్రాంక్‌ఫర్ట్, బెర్లిన్ నగరాల్లో రూపు దిద్దుకున్నది. 1989 నవంబరులో బెర్లిన్ గోడ కూలింది గదా, ఆ వేడి చల్లారని రోజులవి. ఈ సంగీతంలో పెద్ద పేరు తెచ్చుకున్న పాల్ వాన్ డైక్ తూర్పు బెర్లిన్‌లో పెరిగినవాడే. పశ్చిమాన అమ్మే రికార్డులు కొనుక్కునే యోగం లేదు. గోడకు అవతలినుంచి వచ్చే రేడియో పాటలు విని, ఆ విన్నదానితోనే చెవికి చదువు చెప్పుకున్నాడు. 1994లో "ఫర్ యాన్ ఏంజిల్" అనే రచన చేశాడు. మన దేశానికీ ఇందులో ఒక పాయ వున్నది. గోవాలోని అంజునా తీరంలో విదేశీయులు జరుపుకున్న రాత్రి నృత్యాల నుంచి 1990 దశకంలో "గోవా ట్రాన్స్" అనే శాఖ బయలుదేరింది. అయితే అందులో గానం తక్కువ. మా అమ్మాయి వినేది గానం వున్న శాఖ. దాన్ని "వోకల్ ట్రాన్స్" అంటారు.

ముందుగా దీని కట్టుబడి చెబుతాను. మద్దెలలాంటి ఒక బరువైన దెబ్బ, నాలుగేసి చొప్పున, నాలుగూ సమానంగా, నిమిషానికి సుమారు 130 నుంచి 140 సార్లు పడుతూ వుంటుంది. మద్దెల అన్నానేగాని నిజానికి అది యంత్రం పుట్టించే ధ్వని. ఆ దెబ్బమీద ఒక చిన్న స్వరాల వరుస తిరిగి తిరిగి వస్తుంది. మొదట, "ఇదేమిటి, గానుగెద్దులాగా తిరిగినచోటే తిరుగుతున్నది" అని విసుక్కున్నాను. "తొందరపడకు నాన్నా, ప్రతి చుట్టుకూ ఏం మారుతున్నదో చూడు" అన్నది అమ్మాయి. చూద్దునుగదా, ఎనిమిదో పదహారో ఆవర్తాలు కాగానే ఒక కొత్త ధ్వని వచ్చి చేరుతున్నది, మరికొంతసేపటికి ఇంకొకటి. మన విద్వాంసులు పల్లవిమీద సంగతులు వేసే తీరు గుర్తుకు వచ్చింది. పంక్తి అదే, ఒక్కొక్క సంగతికీ కాస్త నగ పెరుగుతుంది.

ఒక్కొక్క రచన ఏడెనిమిది నిమిషాలు నడవడం మామూలు. మొదటా చివరా మద్దెల ఒక్కటే వుండడానికి కారణం వున్నది. ఈ సంగీతాన్ని సభలో నడిపేవాణ్ణి డీజే అంటారు. ఒక రికార్డు ముగియకముందే రెండోదాని మొదలును దానిమీద అతికి, రాత్రంతా తెగని ప్రవాహంలాగా నడుపుతాడు. అతుకు కనబడకూడదంటే రెండు కొసలూ సాదాగా వుండాలి గదా!

ఇక గానం సంగతి. సగం దూరం పోయేసరికి మద్దెల హఠాత్తుగా ఆగిపోతుంది. తంబురాశ్రుతిలాంటి పరుపు మాత్రం మిగులుతుంది. అప్పుడు వస్తుంది గొంతు. మన కచేరీలో ముందు ఆలాపన, అప్పుడు మార్దంగికుడు చేతులు కట్టుకుని కూర్చుంటాడు. కృతి ఎత్తుకున్నాక వాయిస్తాడు. ఇక్కడ వరుస తలకిందులు. ముందు లయ, తర్వాత నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో ఆలాపనవంటి పాట. అంతసేపు లయకు అలవాటుపడిన చెవికి ఆ గొంతు ఎంత దగ్గరగా వినిపిస్తుందో చెప్పలేను.

ఈ పాట పాడేది చాలావరకు స్త్రీలే. కేకలుండవు, గమకాల పోట్లుండవు. మైకుకు దగ్గరగా, వూపిరి కూడా వినబడేటట్టు, మెల్లగా పలుకుతారు. ఒక అక్షరాన్ని సాగదీసి, కదిలించకుండా నిలబెడతారు. దానికి యంత్రంతో ప్రతిధ్వని కలుపుతారు. పాడడం ఆపినా మాట కొస గుళ్ళో గంటలాగా కాసేపు మోగుతూనే వుంటుంది. ఒక్కొక్కప్పుడు గొంతును ముక్కలుగా కోసి, ఆ ముక్కల్ని వాద్యంలాగా వాయిస్తారు. సాహిత్యం బహు స్వల్పం. సముద్రం, వెలుగు, ఎడబాటు, ఎదురుచూపు, అంతే. సాహిత్యమే ప్రాణమనుకునే నాకు ఇది మొదట లోటుగానే తోచింది. కాని మాటలు నాలుగే అయినప్పుడు, ఒక్కొక్కదానికోసం అంతసేపు కాచుకోవలసి వచ్చినప్పుడు, వాటికి బరువు దానంతట అదే వస్తున్నది.

మా అమ్మాయి వినిపించిన మొదటి పాట పేరు "సైలెన్స్", అంటే మౌనం. డెలీరియం అనే కెనడా బృందం 1997లో వెలువరించింది. పాడినామె సారా మెక్‌లాక్లన్. అసలు పాట నెమ్మదైనది. టియెస్టో అనే డచ్చి కళాకారుడు 2000లో దాన్ని ట్రాన్స్‌గా మలిచాడు. 2004లో ఏథెన్సు ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవంలో, దేశదేశాల జట్లు నడిచి వస్తుండగా సంగీతం నడిపించింది ఇతనే. ఓషన్‌ల్యాబ్ బృందంలో జస్టిన్ సుయిస్సా పాడిన "సాటిలైట్" (2004) ఈ గానపద్ధతికి చక్కని వుదాహరణ. కొత్తవారు ఈ రెండింటితో మొదలుపెట్టవచ్చు.

నన్ను కదిలించినది మాత్రం గొంతే లేని ఒక రచన. రాబర్ట్ మైల్స్ అనే ఇటలీ కళాకారుడు 1995లో వెలువరించిన "చిల్డ్రన్". ఆ రోజుల్లో ఇటలీలో శనివారం రాత్రి తెల్లవార్లూ ఆడి, అలసిన కళ్ళతో, రక్తం ఇంకా ఉరకలు వేస్తుండగానే కార్లు తోలుకుంటూ పోయి ఎందరో యువకులు ప్రాణాలు పోగొట్టుకునేవారు. రాత్రి చివర ఆ వేగాన్ని దించి, పిల్లల్ని నెమ్మదిపరచి ఇంటికి పంపే సంగీతం కావాలని అతను పియానోమీద ఈ స్వరం కట్టాడు. యుగోస్లావియా యుద్ధప్రాంతాల నుంచి తన తండ్రి తెచ్చిన పసివాళ్ళ ఫోటోలు కూడా అందుకు ప్రేరణ అని చెప్పుకున్నాడు. పైకి ఎక్కించే సంగీతమనుకున్నానుగాని, కిందికి దించే దారి కూడా అందులో వున్నదని నాకు తెలియదు. మైల్స్ 2017లో కన్నుమూశాడు.

నా భయమంతా వట్టిదని అనను. ఇలాంటి సభల్లో మత్తుబిళ్ళలు చేతులు మారిన మాట నిజం, వాటివల్ల ప్రాణాలు పోయిన మాటా నిజం. పాటమీద నెపం వేసి పిల్లల్ని కసరడంకన్నా ఆ విషయం సూటిగా, మెల్లగా మాట్లాడడం మంచిది. చెవుల సంగతి మరొకటి. 80 డెసిబెల్ల ధ్వని వారానికి 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. ధ్వని పెరిగినకొద్దీ ఆ గడువు తగ్గిపోతుంది. ఇది చెబితే మా అమ్మాయి ఫోనులో ధ్వని కొలత చూపించింది. నాకన్నా ముందే జాగ్రత్తపడింది.

"అలా అడిగి వుండకూడదమ్మా" అన్నాను చివరకు. "పోనీలే నాన్నా" అన్నది. ఆఫీసునుంచి రాత్రిపూట ఒంటరిగా ఇంటికి వచ్చే దోవలో ఈ సంగీతం తోడుగా వుంటుందని అప్పుడు చెప్పింది. అది నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

పోయినవారం రాత్రి పదిన్నరకు ఫోను చేసింది. "ఇల్లు చేరాను నాన్నా."

"దోవలో ఏం విన్నావు?" అన్నాను.

"చిల్డ్రన్."

దీపం ఆర్పి పడుకున్నాను.