మిణుకుమనే దీపం.. మూగబోయిన చక్రం
టైరులో గాలి తగ్గితే ఒక హెచ్చరిక, సెన్సర్ లేకుంటే మరొకటి
తేడా తెలియకుంటే ప్రమాదమే

సూర్యాపేట: ఉదయాన్నే కారు తీసి హైదరాబాద్ వైపో, విజయవాడ వైపో బయల్దేరిన చోదకుడికి స్టీరింగ్ ఎదుట పసుపు రంగు దీపం కనిపిస్తుంది. గుర్రపు నాడా ఆకారం, మధ్యలో ఆశ్చర్యార్థకం. దారిలోని పంక్చర్ దుకాణం వద్ద ఆగి నాలుగు టైర్లకూ గాలి పట్టిస్తాడు. అయినా దీపం ఆరదు. ‘కంప్యూటర్‌లో ఏదో లోపం, పట్టించుకోనక్కర్లేదు’ అన్న సలహా విని ముందుకు సాగుతాడు. ఒకప్పుడు 9వ నంబరుగా, ఇప్పుడు 65వ నంబరుగా పిలుస్తున్న జాతీయ రహదారిపై గంటకు వంద కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లే వాహనానికి ఈ నిర్లక్ష్యం ప్రాణాంతకం కావచ్చు.

నిజానికి ఆ ఒక్క దీపం రెండు వేర్వేరు సంగతులు చెబుతుంది. వెలిగిన క్షణం నుంచీ నిలకడగా ఉంటే టైరులో గాలి తగ్గిందని అర్థం. ఇంజన్ ఆన్ చేశాక ఒకటి, ఒకటిన్నర నిమిషాల పాటు మిణుకుమిణుకుమని, ఆపై నిలకడగా వెలిగితే గాలిని కనిపెట్టే ఏర్పాటే పనిచేయడం లేదని అర్థం. మిణుకుమనడం ఆగిపోయాక చూసిన వారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తికమక అంతా ఇక్కడే వస్తోంది.

కంటికి కనిపించని ముప్పు

గాలి తగ్గిన టైరు పక్కగోడలు ప్రతి చుట్టులోనూ ఎక్కువగా వంగి లేస్తాయి. ఆ రాపిడికి లోపల వేడి పెరిగి రబ్బరు పొరలు పట్టు సడలుతాయి. మండే ఎండలో, అధిక వేగంలో టైరు పేలిపోవడానికి ఇదే ప్రధాన కారణాల్లో ఒకటి. వేసవిలో గాలి తక్కువ పెట్టించాలన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. అది ముప్పును పెంచేదే తప్ప తగ్గించేది కాదు. పైగా నేటి రేడియల్ టైర్లలో గాలి బాగా తగ్గినా చూపుకు తేడా తెలియదు.

అమెరికాలో 2000 సంవత్సరంలో ఈ అంశం పెద్ద దుమారమే రేపింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వంటి వాహనాలకు అమర్చిన ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడిపోయి జరిగిన ప్రమాదాల్లో రెండు వందల మందికి పైగా మరణించారు. సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిపించారు. అదే ఏడాది అక్కడి చట్టసభ టైర్ల గాలిపై హెచ్చరించే ఏర్పాటు ఉండాలని చట్టం చేసింది. 2007 సెప్టెంబరు నుంచి అక్కడ తయారయ్యే కార్లన్నిటికీ అది తప్పనిసరి అయింది. ఐరోపా సమాఖ్యలో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఈ నిబంధన వర్తించింది.

వాల్వ్ వెనుక బుల్లి రేడియో

ఈ ఏర్పాటులో రెండు పద్ధతులున్నాయి. మొదటి దానిలో ప్రతి చక్రం లోపల, గాలి నింపే వాల్వ్‌కు వెనుక భాగాన అగ్గిపెట్టె కన్నా చిన్నదైన సెన్సర్ ఉంటుంది. అది గాలి పీడనాన్ని, ఉష్ణోగ్రతను కొలిచి రేడియో సంకేతంగా పంపిస్తుంది. అమెరికాలో 315 మెగాహెర్ట్జ్, ఐరోపాలో 433 మెగాహెర్ట్జ్ తరంగాలను ఇందుకు ఎక్కువగా వాడతారు. ప్రతి సెన్సర్‌కూ సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది. పక్కన వెళ్లే కారు సంకేతాలను మన కారు తనవిగా పొరబడకపోవడానికి ఆ సంఖ్యే కారణం.

సెన్సర్‌లోని బ్యాటరీని మార్చే వీలుండదు. సాధారణంగా అయిదు నుంచి పదేళ్లు పనిచేస్తుంది. ఛార్జి ఆదా చేసేందుకు కారు ఆగి ఉన్నప్పుడు సెన్సర్ నిద్రలోకి జారుకుంటుంది. చక్రం తిరగడం మొదలవగానే మేల్కొని నిమిషానికి ఒకసారి చొప్పున కబురు పంపుతుంది. అందుకే కొన్ని కార్లలో కొంతదూరం వెళ్లే వరకు తెరపై అంకెలకు బదులు గీతలే కనిపిస్తాయి. అది లోపం కాదు.

లీకేజీని పసిగట్టేదిలా..

కంపెనీ సూచించిన పీడనం కంప్యూటర్‌లో నమోదై ఉంటుంది. అందిన అంకెను దానితో పోల్చుకుంటూ ఉంటుంది. అమెరికా నిబంధన ప్రకారం పీడనం పావు వంతు తగ్గితే 20 నిమిషాల్లోగా దీపం వెలగాలి. అంటే 33 పీఎస్ఐ ఉండాల్సిన టైరులో 25కు చేరేసరికి హెచ్చరిక వస్తుంది. మేకు దిగి గాలి వేగంగా పోతుంటే సెన్సర్ తన వంతు వచ్చే దాకా ఆగదు. వెంటవెంటనే సంకేతాలు పంపుతుంది.

గాలి తగ్గిన ప్రతిసారీ లీకేజీ ఉన్నట్టు కాదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే పీడనం ఒకటిన్నర నుంచి రెండు పీఎస్ఐ తగ్గుతుంది. రబ్బరు గుండానూ నెలకు ఒకటి రెండు పీఎస్ఐ సహజంగా బయటకు పోతుంది. చలికాలం తెల్లవారుజామున నాలుగు చక్రాల అంకెలూ దాదాపు సమానంగా తగ్గితే చలి ప్రభావమని భావించవచ్చు. అయినా తగ్గిన మేరకు గాలి నింపించాలి. మూడు నిలకడగా ఉండి ఒక్కటే రోజురోజుకూ దిగజారుతుంటే పంక్చర్, వాల్వ్ పిన్ను, రిమ్ము అంచుల్లో ఎక్కడో లీకేజీ ఉన్నట్టే. సబ్బునీళ్లు పోసి చూస్తే బుడగలు చోటు చెబుతాయి.

సెన్సర్ లేకపోతే..

కంప్యూటర్ తన వద్ద నమోదైన నాలుగు గుర్తింపు సంఖ్యల కోసం ఎదురుచూస్తుంది. కారు నడుస్తున్నా ఒక సంఖ్య నుంచి చాలాసేపు కబురు రాకపోతే ఆ సెన్సర్ లేదని తేల్చి దీపాన్ని మిణుకుమనిపిస్తుంది. లోపం సరిచేసే వరకు ఇంజన్ ఆన్ చేసిన ప్రతిసారీ ఇదే పునరావృతమవుతుంది. ఎంత గాలి నింపినా ఫలితం ఉండదు. ఆ చక్రంలో గాలి పోయినా కంప్యూటర్‌కు తెలియదన్నదే ఇందులోని అసలు ప్రమాదం.

సెన్సర్ మూగబోవడానికి కారణాలు అనేకం. బ్యాటరీ అయిపోవచ్చు. టైరు విప్పేటప్పుడు ఇనుప కమ్మీ తగిలి పగలవచ్చు. పంక్చర్ పడకుండా పోసే ద్రవం సెన్సర్ రంధ్రాన్ని మూసేస్తే కబురు అందినా అంకె తప్పుగా ఉండవచ్చు. సెన్సర్ లేని స్టెప్నీ బిగించినా, కొత్త అల్లాయ్ చక్రాలు వేయించి పాతవాటిలోని సెన్సర్లను మార్చకపోయినా దీపం మిణుకుమంటుంది. పాడైన సెన్సర్ స్థానంలో మామూలు రబ్బరు వాల్వ్ బిగించి ఊరుకోవడమూ ఉంది. కొత్త సెన్సర్ వేసినా దాని సంఖ్యను కంప్యూటర్‌కు పరిచయం చేయాలి. కొన్ని కార్లు కొంతదూరం నడిచాక తమంతట తామే గుర్తిస్తాయి. మిగిలిన వాటికి ప్రత్యేక పరికరం అవసరం.

సెన్సర్లు లేని పద్ధతి

రెండో పద్ధతిలో చక్రం లోపల సెన్సర్లే ఉండవు. బ్రేకుల కోసం అమర్చిన ఏబీఎస్ పరికరాలు చక్రాల వేగాన్ని లెక్కిస్తుంటాయి. గాలి తగ్గిన చక్రం కాస్త కుంగి, అదే దూరానికి మిగతావాటి కన్నా ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఆ తేడాను బట్టి దీపం వెలుగుతుంది. ఖర్చు తక్కువ. కానీ నాలుగింటిలోనూ సమానంగా గాలి తగ్గితే కేవలం ఈ పోలికతో పసిగట్టడం కష్టం. గాలి సరిచేసిన తరువాత రీసెట్ మీట నొక్కడం మరవరాదు. గాలి తక్కువగా ఉన్నప్పుడు నొక్కితే అదే సరైన పీడనమని కంప్యూటర్ నమ్ముతుంది.

స్టెప్నీ లేని కార్లలో మరింత కీలకం

మూడున్నర టన్నుల లోపు ప్రయాణికుల వాహనాల్లో ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చర్ కిట్‌తో పాటు ఈ హెచ్చరిక ఏర్పాటు ఉంటే స్టెప్నీ అవసరం లేదని 2020 జులైలో కేంద్రం నిబంధనలను సవరించింది. అలాంటి కారులో సెన్సర్ మూగబోతే నష్టం రెట్టింపు. గాలి పోతున్న సంగతి ముందుగా తెలియదు. టైరు చినిగాక మార్చుకునేందుకు మరో చక్రమూ ఉండదు.

చోదకులు గుర్తుంచుకోవాల్సినవి

* టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలిపించాలి. సరైన పీడనం ఎంతో డ్రైవర్ తలుపు వద్ద అంటించిన పట్టీపై ఉంటుంది.

* దీపం వెలగగానే వేగం తగ్గించి, సురక్షితమైన చోట ఆపి నాలుగు టైర్లూ చూడాలి. మిణుకుమంటే సెన్సర్ సరిచేయించే వరకు నెలకు రెండుసార్లయినా, దూర ప్రయాణానికి ముందు తప్పకుండా గేజితో కొలిపించాలి.

* టైరు విప్పే ముందే లోపల సెన్సర్ ఉందని పంక్చర్ వేసే వ్యక్తికి చెప్పాలి.

* వాల్వ్‌పై మూతలా బిగించే సెన్సర్ల కిట్లు విడిగా దొరుకుతున్నాయి. అవి వాల్వ్ పిన్నును నొక్కి ఉంచుతాయి కనుక వాషర్ అరిగితే వాటి నుంచే గాలి పోవచ్చు. కారు సొంత దీపాన్ని అవి ఆర్పలేవు.

* పాత కారు కొనేటప్పుడు తాళం తిప్పగానే ఈ దీపం వెలిగి కొన్ని క్షణాల్లో ఆరిపోతుందో లేదో గమనించాలి. ఈ ఏర్పాటు ఉన్న కారులో అసలు వెలగకపోతే దీపాన్నే తొలగించారేమోనని అనుమానించాలి. వెలగని దీపాన్ని చూసి టైర్లు బాగున్నాయనుకుంటే మోసపోయినట్టే.