తెల్లబట్ట – వేడి అని సరిపెట్టుకోకండి

ఈ మాట నలుగురిలో అనడానికి మనకు సిగ్గు. కానీ కర్నూలు, కడప పల్లెల్లో శనక్కాయ చేలల్లో, బోరింగు కాడ ఆడవాళ్ళు చెవులు కొరుక్కునేది దీన్ని గురించే. "తెల్లబట్ట అవుతోందక్కా, నడుములు గుంజుతున్నాయి" అంటుంది ఒకామె. "వేడి చేసింటుందిలే, సబ్జా గింజలు నానేసి తాగు" అంటుంది ఆ అక్క. పెద్దవాళ్ళయితే ఎముకలు కరిగిపోతున్నాయని భయపెడతారు. మన ఎండలు తక్కువవేం కావు, నిజమే. అయినా తెల్లబట్టకు కారణం ఎండ కాదు, ఎముకలూ కరగవు.

అసలు ప్రతి తడీ జబ్బు కాదు. రెండు నెలసరుల నడుమ గుడ్డు తెల్లసొనలా సాగేదీ, గర్భిణికి కాస్త ఎక్కువయ్యేదీ సహజమే, వాసనా దురదా లేకుంటే.

విరిగిన పాలలా ముద్దలుగా పడి, ఓర్చుకోలేని దురద పెడితే అది సాధారణంగా బూజు జాతి సూక్ష్మజీవి పని. గర్భిణులకు, చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు, యాంటీబయాటిక్ మాత్రలు మింగినవాళ్ళకు తేలిగ్గా వస్తుంది. మాటిమాటికీ తిరగబెడుతుంటే రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవాలి.

పలచగా, బూడిదరంగుగా, చేపల నీచు వాసన వేస్తే సంగతి వేరు. పాలను తోడుపెట్టే జాతి మంచి సూక్ష్మజీవులు మన యోనిలో ఉంటాయి. అవి చేసే పులుపే మనకు కాపలా. శుభ్రం అనుకుని సబ్బునీళ్ళు, ఘాటు మందునీళ్ళు లోపలికి పోసి కడిగితే ఆ కాపలాను మనమే తరిమేసినట్టు. పైపైన మంచినీళ్ళతో కడుక్కుంటే చాలు. బిందె నీళ్ళకు అంతదూరం నడిచే మన సీమలో ఆ ఒక్క చెంబూ దుబారా అనుకోకండి. నెలసరి గుడ్డలు మూలన దాచక ఎండలో ఆరేయండి. ఎండకైతే మనకు కరువు లేదు గదా!

ఇక పసుపుపచ్చగా, నురగగా పోయి, మంట పెట్టేది భార్యాభర్తల కలయికతో అంటుకునే జబ్బు. మగవాళ్ళకు చాలామందికి బాధేమీ తెలియదు. "నాకేం లేదు, నువ్వే చూపించుకో" అంటారు. నింద ఆమెకు, మందూ ఆమెకే! ఇద్దరూ ఒకేసారి వాడకుంటే జబ్బు తిరిగి రాక మానదు. జిల్లా పెద్దాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్కుల్లో ఇద్దరికీ ఉచితంగా చూస్తారు, గుట్టు బయటపెట్టరు. గర్భిణి అయితే ఆ సంగతి ముందే చెప్పాలి. పొత్తికడుపు నొప్పి, జ్వరం కూడా ఉంటే ఒక్కరోజు కూడా ఆగకండి.

ముట్లుడిగాక కనిపించే ఎరుపునూ, కలయిక తర్వాత రక్తాన్నీ, దుర్వాసనతో రక్తం కలిసిన నీళ్ళనూ వేడికింద జమకట్టొద్దు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు అలాగే బయటపడవచ్చు. 30 ఏళ్ళు దాటినవాళ్ళు ఏ బాధా లేకున్నా పరీక్ష చేయించుకోవడం మంచిది. వినెగర్ లాంటి పలచని ద్రవం పూసి చూస్తారు. కోత లేదు, మత్తు లేదు, కొద్ది నిమిషాల పని.