పక్కన పెట్టిన పాటలు, గుంత పొంగణాలు

నందికొట్కూరు బస్టాండు దగ్గర టీ తాగుతుంటే, తెలిసిన కుర్రాడొకడు చెవిలోంచి ఇయర్‌ఫోన్ పీకి అడిగాడు. "అన్నా, ఇదంతా ఆల్బంలో మిగిలిపోయిన పాటలంట గదా. పనికిరానివాటిని మళ్లీ మనకెందుకు అమ్మినారు?" వాడు వింటున్నది ఇంగ్లండు ప్రోగ్రెసివ్ రాక్ బృందం పోర్క్యుపైన్ ట్రీ 2007 సెప్టెంబరులో తెచ్చిన 'నిల్ రికరింగ్'. నందికొట్కూరులో ఇదెక్కడిదని ఆశ్చర్యపోకండి, ఫోనుకు ఊరేముంది!

సినిమా పాటల మీదా ఇదే గొడవ. 2024 సెప్టెంబరు 27న 'దేవర' వచ్చినప్పుడు 'దావూదీ' పాట తెర మీద లేదు, తర్వాత కలిపారు. 2025 జనవరిలో 'గేమ్ ఛేంజర్'కూ అంతే. సాంకేతిక చిక్కు వల్ల 'నానా హైరానా' మొదటి ప్రింట్లలో కనబడలేదు. పాట లేదంటే చాలు, బాగాలేదు కాబట్టే తీసేశారని తీర్పిచ్చేస్తాం. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మిగిలింది వేరు, ఎంగిలి వేరు. మూడో రోజు దోసెపిండి పులిసి, దోసెకు లొంగదు. మా సీమ ఆడవాళ్లు దాన్ని పారబోయరు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తరిగి కలిపి గుంత పొంగణాలు పోస్తారు. కొందరిళ్లల్లో దోసెల కంటే వాటికే గిరాకీ.

పోర్క్యుపైన్ ట్రీ 2007 ఏప్రిల్‌లో తెచ్చిన 'ఫియర్ ఆఫ్ ఎ బ్లాంక్ ప్లానెట్' ఈ కథలో దోసె, 'నిల్ రికరింగ్' పొంగణం. ఆరే పాటలు, దాదాపు 51 నిమిషాలు. అందులో ఒక్కటే 18 నిమిషాలకు దగ్గర. మాత్రలకూ తెరలకూ అతుక్కుపోయిన పిల్లల మనసు గురించి ఏకధాటిగా సాగే ఆల్బం అది. ఆ ధార తెగేలా ఉంటే ఎంత మంచి పాటైనా పక్కకు జరగాల్సిందే. 'నిల్ రికరింగ్'లో చేరిన 'చీటింగ్ ద పాలిగ్రాఫ్'ను 2006 కచేరీల్లో ఆల్బం పాటగానే వాయించారు. రికార్డు దగ్గరకొచ్చేసరికి దాని చోట 'వే ఔట్ ఆఫ్ హియర్' కూర్చుంది. 'నార్మల్' ఇంకా తమాషా. ఆల్బంలోని 'సెంటిమెంటల్'కూ దీనికీ పల్లవి ఒకటే. ఒకే పిండి, రెండు పెనాలు. 'నిల్ రికరింగ్' అనే పాటలో గిటారు వాయించింది కింగ్ క్రిమ్సన్ బృందపు రాబర్ట్ ఫ్రిప్. పొంగణాల మీద ఎర్రకారం పడిందన్నమాట. పోలిక కూడా పులుస్తోంది, ఇక ఆపేస్తాను.

'నిల్ రికరింగ్' లాంటి చిన్న రికార్డును ఈపీ అంటారు. పాత ప్లేటు తిప్పినవాళ్లకు ఇది కొత్తేం కాదు. 1949లో నిమిషానికి 45 చుట్లు తిరిగే ఏడంగుళాల ప్లేటు వచ్చింది, వైపుకొక పాట. 1952లో ఆర్‌సీఏ విక్టర్ కంపెనీ అదే ప్లేటు మీద రెట్టింపు పాటలు ఇరికించింది. ఎట్లా? ముల్లు నడిచే గాడి పాటను బట్టి ఊగుతుంది. శబ్దం గట్టిగా ఉంటే, ముఖ్యంగా మంద్రస్వరాల దగ్గర, ఎక్కువ ఊగుతుంది. అందుకని గాళ్ల మధ్య జాగా వదలాలి, లేకపోతే ఒకటి పక్కదాంట్లోకి తెగిపోతుంది. శబ్దం కాస్త తగ్గిస్తే ఊపు తగ్గుతుంది. సాళ్లు దగ్గర చేసి అదే చేలో ఎక్కువ విత్తనం వేసినట్టు, గాళ్లు దగ్గరకు జరిపారు. మన సినిమా పాటలు నాలుగేసి చొప్పున ఇళ్లకు చేరింది అలాంటి ప్లేట్ల మీదే.

సీడీ వచ్చాక గాళ్ల బాధ పోయింది, పేరు మిగిలింది. నాలుగు పాటల 'నిల్ రికరింగ్' దాదాపు 29 నిమిషాలు. మొదట 5000 కాపీలే వేశారు. 2008 అక్టోబరులో నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ కచేరీలో ఈ నాలుగింటిలో మూడు వాయించారు, అవి డీవీడీకీ ఎక్కాయి. 2015లో ఆ బృందం డ్రమ్మర్ గావిన్ హారిసన్ తమ పాత పాటల్ని పెద్ద బాకా బృందంతో మళ్లీ చేసి సొంత ఆల్బం తెచ్చాడు. దానికి పెట్టిన పేరు, ఒకప్పుడు ఆల్బంలో చోటు దొరకని 'చీటింగ్ ద పాలిగ్రాఫ్'.