కూరగాయల బగారన్నం: రుచికి రుచి, పథ్యానికి పథ్యం

నల్లగొండ ప్రాంతంలో పెండ్లి అయినా, దావతు అయినా విస్తరిలో బగారన్నం ఉండవలసిందే. బగారా అనగా ఉర్దూలో తాలింపు. నూనెలో సుగంధ ద్రవ్యాలను వేయించి, ఆ ఎసట్లోనే బియ్యం ఉడికించే ఈ వంటలో సాధారణంగా కూరగాయలు ఉండవు. పక్కన మాంసపు కూర ఉన్నదన్న ధీమాతో ఏర్పడిన పద్ధతి ఇది. విందుకు అది చాలు. తరచుగా ఇంట్లో వండుకునే వారికి చాలదు.

హుజూర్‌నగర్ గృహిణులకు ఈ విషయం మరింత ముఖ్యం. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీరు వదలక పూర్వం ఈ మెట్టప్రాంతంలో జొన్నగటక, సజ్జరొట్టె విరివిగా తినేవారు. కాలువతో వరి విస్తరించింది. 2025 మార్చి 30న, ఉగాదినాడు, రేషను కార్డులపై సన్నబియ్యం పంపిణీ ప్రారంభమైనది కూడా ఈ హుజూర్‌నగర్‌లోనే. మనిషికి నెలకు 6 కిలోలు. అంటే రోజుకు 200 గ్రాములు. పాలిష్ పట్టిన బియ్యంలో పీచు స్వల్పం. తిన్న కొద్దిసేపటికే రక్తంలో చక్కెర పెరుగుతుంది. కనుక ఆ 200 గ్రాములనే ముగ్గురికి ఒక పూట భోజనంగా మలచుకొనే విధానం తెలుపుతున్నాము.

బియ్యం ఒక గ్లాసు, పొట్టు పెసరపప్పు పావు గ్లాసు కడిగి, అరగంట నానబెట్టవలెను. మందపాటి గిన్నెలో రెండు పెద్ద చెంచాల పల్లీనూనె కాచి, అంగుళం దాల్చినచెక్క, నాలుగు లవంగాలు, మూడు యాలకులు, రెండు బిర్యానీ ఆకులు, ఒక చెంచా సాజీర వేసి, కమ్మని వాసన రాగానే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి ముద్ద, గుప్పెడు పుదీన వేయించవలెను. తరువాత క్యారెట్, చిక్కుడు, బీన్స్, కాలీఫ్లవర్, మెంతికూర కలిపి 400 గ్రాములు, అనగా బియ్యానికి రెండింతలు వేసి మగ్గనివ్వాలి. ఆలుగడ్డ వేస్తే దానిని కూర లెక్కలో కాక బియ్యం లెక్కలో చూడవలెను! రెండున్నర గ్లాసుల నీరు, తగిన ఉప్పు వేసి, నీరు మరిగాక నానిన బియ్యం, పప్పు వేసి, మూతపెట్టి సన్నని సెగపై ఉడికించవలెను.

దాల్చినచెక్క, యాలకులు, ఆకుపత్రి (బిర్యానీ ఆకు) కలిసినదే ఆయుర్వేదంలోని త్రిజాతకం. ఇవి, జీలకర్ర, అల్లం దీపన పాచన ద్రవ్యాలు, జఠరాగ్నిని మేల్కొల్పుతాయి. గంజి వార్చి వేడిగా తినే అన్నం లఘువనీ, వార్చనిది గురువనీ చరకసంహిత చెబుతున్నది. బగారన్నంలో గంజి వార్చడం కుదరదు. అందుకే కొత్తబియ్యం కాక, ఏడాది నిలువ ఉన్న పాతబియ్యం శ్రేష్ఠం. గంజితో పోయే బి విటమిన్లు అన్నంలోనే నిలవడం ఇందులో ఒక లాభం.

దాల్చినచెక్క మధుమేహానికి మందన్న ప్రచారం విని, మాత్రలు మానివేసే వారున్నారు. ఇది ప్రమాదకరం. వంటలో పడే అంగుళం ముక్క రుచినీ, జీర్ణశక్తినీ ఇస్తుందే గాని చికిత్స కాజాలదు. మధుమేహులు ఒక కప్పు అన్నంతో సరిపెట్టుకొని, ముందుగా పచ్చి దోసకాయ ముక్కలు తినవలెను. ఆమ్లపిత్తం గలవారు పచ్చిమిర్చి, లవంగాలు సగానికి తగ్గించుకోవచ్చు. తోడుగా పగలు పెరుగుపచ్చడి, రాత్రి అయితే పలుచని మజ్జిగ.