స్త్రీ దాస్యమునకు మూలమేది?

స్త్రీ పురుషునకు లోబడుట సృష్టిసహజమని వాదించువారికి మార్క్సు సహచరుడగు ఎంగెల్సు 1884లో వ్రాసిన గ్రంథము గొడ్డలిపెట్టు. మోర్గను అను అమెరికా పండితుని 1877 నాటి గ్రంథము నాధారముగా గొని, పశుసంపద పురుషుని చేతికి వచ్చి, దానిని తన యౌరసపుత్రులకే సంక్రమింపజేయు కోరిక పుట్టినపుడు మాతృవంశక్రమము కూలెనని యాతడు సిద్ధాంతీకరించెను. సొంత యాస్తి పోయినచో దాస్యమును పోవునని దీని ఫలితార్థము.

స్త్రీవాద చరిత్రకారిణి గెర్డా లెర్నర్ 1986లో నీ వరుసనే తలక్రిందు చేసినది. స్త్రీ గర్భముపై నధికారమే సొంత యాస్తికంటె ముందు పుట్టినదట! ఓడినవారిలో పురుషులను జంపి స్త్రీలను చెరపట్టుటతోనే బానిసత్వ మారంభమైనదని యామె వాదము. ఋణగ్రస్తుడు భార్యాబిడ్డలను మూడేండ్లు పరుల యింట చాకిరికి బెట్టవచ్చునని బాబిలోనియా రాజు హమ్మురాబి ధర్మశాసనము చెప్పుచున్నది. నాల్గవయేట విడువవలెనట, ఎంత దయ!

మోర్గను నమ్మిన సార్వత్రిక మాతృవంశక్రమమును నేటి మానవశాస్త్రజ్ఞులు చాలవర కంగీకరింపరు. మాకును లెర్నర్ పక్షమే బలముగా దోచుచున్నది. ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నాటికి పెండ్లికాని కుమార్తెలకు అవిభక్త కుటుంబాస్తిలో సమభాగము చట్టమువలన లభించినది. 2005లో కేంద్ర చట్టము వివాహితలకును దాని నొసగినది. కాని, కట్నమునే భాగముగా లెక్కగట్టి, ఆడపడుచుచేత హక్కువిడుదల పత్రముపై చేవ్రాలు చేయించు పెద్దయిండ్లు మన యూళ్లలో నెన్ని లేవు?