గుర్రానికి కంచె వేసే ముందు

హోసూరు రోడ్డు మీద ఎలక్ట్రానిక్ సిటీ దాటాక వచ్చే మా హెబ్బగోడిలో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో ఉద్యోగాలకని వచ్చి ఇక్కడే ఇళ్లు కట్టుకున్నవాళ్లం చాలామందిమి. కాస్త చేయి ఆడినవాళ్లు ఆనేకల్ వైపో, హోసూరు దాటి డెంకణికోట వైపో ఎకరమో రెండెకరాలో కొనుక్కుంటున్నారు. అక్కడ ఒక గుర్రాన్ని ఉంచి పిల్లలకు స్వారీ నేర్పించాలనే సరదా కూడా ఈమధ్య కొందరిలో చూస్తున్నాను. గుర్రం ధర, దాణా ఖర్చు, చూసుకునే మనిషి జీతం అన్నీ లెక్క వేస్తారు. కంచె మాట వచ్చేసరికి మాత్రం "పొలం చుట్టూ ముళ్లతీగ ఉంది కదా, చాల్లెండి" అంటారు. ఆ మాట గురించే ఈ నాలుగు ముక్కలు.

ఈ ప్రాంతానికి గుర్రం కొత్తేమీ కాదు. హోసూరు పక్కనే మత్తిగిరిలో ఉన్న పశువుల ఫారాన్ని 1824లో మొదలుపెట్టింది బ్రిటిష్ సైన్యానికి గుర్రాలను పెంచడానికే. తుమకూరు జిల్లాలోని కుణిగల్ అశ్వశాల టిప్పు సుల్తాన్ నాటి నుంచీ పేరు మోసింది. ముళ్లతీగ వీటి తర్వాత వచ్చింది. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రపు రైతు జోసెఫ్ గ్లిడెన్ తన ముళ్లతీగకు 1874లో పేటెంటు పొందాడు. ఆవుల మందలు పొలాల్లో పడకుండా ఆపడానికి అది బాగా పనికొచ్చింది. ముల్లు గుచ్చుకుంటే ఆవు సాధారణంగా వెనక్కి తగ్గుతుంది. గుర్రం తీరు వేరు.

గుర్రం బెదిరిందంటే ముందు పరుగు తీస్తుంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల చుట్టూ చాలామేర కనిపించినా, ముఖానికి మరీ దగ్గరగా ఎదుట ఉన్నది కనిపించదు. దౌడులో ఉన్నప్పుడు సన్నని తీగ దాని కంటికి ఆనదు. కాలు ఇరుక్కుంటే గట్టిగా గుంజుకుంటుంది. మోకాలి కింద దాని కాలికి కండ ఉండదు. చర్మం, స్నాయువులు, ఎముక మాత్రమే. అక్కడి గాయం ఒక పట్టాన మానదు. పైగా ధనుర్వాతం గుర్రాలకు చాలా సులువుగా సోకుతుంది.

మా ఊరికి కొద్ది దూరంలోని ఒక తోటలో దీపావళి మర్నాడు ఇది కళ్లారా చూశాను. రాత్రి టపాకాయల మోతకు బెదిరిన గుర్రం ముళ్లతీగ మీదికి దూకింది. ముందు కాలు ఎముక కనిపించేలా చీలిపోయింది. నెలల తరబడి కట్లు కట్టాక బతికింది గాని, మళ్లీ మనిషిని మోయలేదు. దాన్ని ప్రాణంగా చూసుకున్న ఆ ఇంటి పిల్లవాడు ఆ తర్వాత తోటకు రావడమే మానేశాడు.

కాబట్టి గుర్రాన్ని కొనకముందే కాగితం మీద కంచె గీయండి. నీడ ఎక్కడ, నీళ్ల తొట్టి ఎక్కడ, వాన నీరు ఎటు పారుతుంది అన్నీ గుర్తు పెట్టండి. మూలలు కోసుగా కాకుండా గుండ్రంగా తిప్పండి. రెండు గుర్రాలుంటే బలమైనది రెండోదాన్ని మూలకు తరిమి తన్నుతుంది. గేటు కూడా మూలకు వద్దు. దాణా బండి పట్టేలా 10 నుంచి 12 అడుగుల వెడల్పు ఉండాలి. గొళ్లెం గట్టిది వేయండి. పెదవులతో గొళ్లెం తీయడం నేర్చుకునే గుర్రాలున్నాయి. గేటు దాటితే లారీలు తిరిగే రోడ్డే అయితే, మధ్యలో రెండో గేటు తప్పనిసరి.

కంచె నాలుగున్నర నుంచి 5 అడుగుల ఎత్తుండాలి. మన వైపు రాతి కడీలు సులువుగా దొరుకుతాయి, చెదలు పట్టవు. వాటికి లోపలి వైపున మూడు నాలుగు వరుసల ఇనుప గొట్టాలు గాని, నునుపు చేసిన కర్రలు గాని బిగించండి. అలా చేస్తే గుర్రం ఒరుసుకున్నా ఊడిరావు, రాతి అంచు దాని భుజానికి తగలదు. కింది వరుసకూ నేలకూ మధ్య అడుగుకు మించి ఎడం వద్దు. వలకంచె వేసేటట్లయితే గిట్ట దూరనంత చిన్న కన్నులున్నది చూసి, పైన కంటికి కనిపించే గొట్టం ఒకటి పెట్టించండి. కరెంటు కంచెకు క్షణకాలం మాత్రమే షాకునిచ్చే ప్రత్యేక యంత్రం, సరైన ఎర్తింగు, వెడల్పాటి తెల్లని పట్టీ కావాలి. ఇంటి కరెంటును నేరుగా తీగకు తగిలిస్తే గుర్రమే కాదు, మనుషులూ పోతారు. కంచె వెంట అందానికని గన్నేరు నాటకండి, ఆముదం మొక్కలను ఎదగనివ్వకండి. రెండూ గుర్రానికి విషమే.

"ఇంత ఖర్చు మావల్ల అవుతుందా?" అంటారేమో. లెక్క చూడండి. చతురస్రంగా ఉన్న ఎకరం చుట్టుకొలత దాదాపు 835 అడుగులు. 8 అడుగులకొకటి చొప్పున నూరు పైచిలుకు కడీలు కావాలి. అందులో పావు ఎకరానికే కంచె వేస్తే 417 అడుగులు, సగం కడీలు చాలు. డబ్బు తక్కువైతే స్థలం తగ్గించండి గాని కంచె నాణ్యత తగ్గించకండి. పొలం సరిహద్దున ఉన్న ముళ్లతీగను ఊరి పశువులు రాకుండా అలాగే ఉంచుకుని, దానికి 10 అడుగుల లోపలగా గుర్రపు కంచె వేయవచ్చు. చోటు చిన్నదైనప్పుడు రోజూ బయట నడిపించి తీసుకురావాలి.

గుర్రం వచ్చిన మొదటి రోజు పగటివేళ పగ్గం పట్టుకుని కంచె చుట్టూ తిప్పి చూపించండి. వారానికొకసారి, పెద్ద వాన పడ్డ మర్నాడు తప్పకుండా, మీరే చుట్టూ నడిచి ఒక్కో కడీని కదిపి చూడండి. ధనుర్వాతం టీకా ఏడాదికోసారి వేయించండి. టపాకాయలు కాల్చే రాత్రులు గుర్రాన్ని కొట్టంలోనే ఉంచి, తోడుగా ఒక మనిషిని పెట్టండి. పశువైద్యుని ఫోను నంబరు కొట్టం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.